ఇంజనుకి నీళ్ళు, మనిషికి తడిగుడ్డ

మెట్ట ప్రాంతంలో పుట్టినవాడికి గాలి ఒకటి కాదు, రెండు. సాయంత్రం చెరువు మీదుగా వచ్చేది ఒకటి, మిట్టమధ్యాహ్నం మొహాన కొట్టేది మరొకటి. కృష్ణా జిల్లా అనగానే కాలవలూ కొబ్బరిచెట్లూ ఊహించుకునే మిత్రులకు మా జగ్గయ్యపేట, నందిగామ ఒక పట్టాన అర్థం కావు. పత్తి, మిరప, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి మధ్యగా హైదరాబాదు నుంచి బెజవాడ పోయే పెద్ద రోడ్డు. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద ఇది ఎన్టీఆర్ జిల్లా. ఎండకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఇటువంటి ఊరివాడు ఫార్ములా వన్ పందేలు చూస్తాడంటే స్నేహితులు నవ్వుతారు. "గంటకు మూడువందల కిలోమీటర్ల వేగంతో తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చేదానికి అంత హడావుడి ఎందుకయ్యా?" అంటారు. నిజం చెప్పాలంటే నాకు ఆ బళ్ళ వేగం మీద కంటే వాటి వేడి మీద ఆసక్తి ఎక్కువ. అంత వేడిని వాళ్ళు ఎలా వదిలించుకుంటారన్నది నాకు ఎన్నాళ్ళయినా తరగని వింత.

పందెపు కారుకు గాలే మిత్రుడు, గాలే శత్రువు. ముందూ వెనకా ఉన్న రెక్కలు, కారు అడుగుభాగం గాలిని వాడుకుని బండిని నేలకు అదుముతాయి. ఆ అదుము లేకపోతే మలుపులో చక్రం పట్టు తప్పుతుంది. అదే గాలి ఎదురు నిలిచి వేగాన్ని తినేస్తుంది. ఇంజనూ బ్యాటరీ చల్లబడాలంటే మళ్ళీ ఆ గాలినే ఒంట్లోకి రానివ్వాలి. ఒంటికి రంధ్రం పెట్టిన ప్రతిసారీ బయటి ప్రవాహం కొంత చెదురుతుంది, వేగం కొంత తగ్గుతుంది. రంధ్రం చిన్నదైతే ఇంజను కాగిపోతుంది, పెద్దదైతే పక్కవాడు దాటిపోతాడు.

అందుకని డ్రైవరుకు రెండు పక్కలా సైడ్‌పాడ్ అనే పెట్టెలు కట్టి, రేడియేటర్లను వాటిలో ఏటవాలుగా కూర్చోబెడతారు. పెట్టెకు నోరు సన్నం, పొట్ట వెడల్పు, వెనక నడుము మళ్ళీ సన్నం. లోపలికి వచ్చిన గాలి పొట్టలో నెమ్మదించి, రేడియేటరు రేకుల మధ్య తీరిగ్గా వేడిని పుచ్చుకుని, సన్నని దారిలో మళ్ళీ వేగం అందుకుని బయటపడుతుంది. వేడి దేశంలో పందెమైతే ఇంజను మూతకు చేప మొప్పల్లాంటి చీలికలు ఎక్కువగా ఉన్న పలకలు బిగిస్తారు, చల్లని చోట వాటిని మూసేస్తారు. మెక్సికో నగరం సముద్రమట్టానికి రమారమి 2,200 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన కనుక అతి పెద్ద రెక్కలు తగిలించినా అదుము చాలదు, ఎంత పెద్ద రంధ్రాలు తెరిచినా చల్లదనం చాలదు.

ఈ తగవులో నాకు నచ్చిన ఘట్టం 1978 నాటిది. బ్రభమ్ జట్టు రూపశిల్పి గోర్డన్ ముర్రే తన కొత్త కారుకు మామూలు రేడియేటర్లు తీసేసి, ఒంటి మీదే బల్లపరుపు పలకలు పరిచి, వాటితో చల్లబరచాలని చూశాడు. చూడముచ్చటగా ఉంది గానీ ఇంజను చల్లబడలేదు. దారికొచ్చి మామూలు రేడియేటర్లే పెట్టుకున్నాడు. కొన్ని నెలలకు అదే కారుకు వెనక ఒక పెద్ద ఫ్యాను బిగించాడు. అడిగినవాళ్ళకు ఇంజను చల్లబరచడానికే అని సమాధానం. అది చల్లబరిచిన మాట నిజమే. అంతకంటే ముఖ్యంగా కారు కింది గాలిని పీల్చేసి బండిని నేలకు అతికించింది. ఆ జూన్‌లో స్వీడన్ పందెంలో నికీ లౌడా దానిని గెలిపించాడు. మిగతా జట్లు గగ్గోలు పెట్టాయి. ఆ కారు మళ్ళీ పందేనికి రాలేదు.

ఇవన్నీ పరదేశపు ముచ్చట్లు అనుకుంటూ ఉండగా 2023 ఫిబ్రవరి 11న పందెం మన హుస్సేన్ సాగర్ ఒడ్డుకే వచ్చింది. విద్యుత్తుతో నడిచే ఫార్ములా ఈ కార్లు, 2.83 కిలోమీటర్ల దారి, 18 మలుపులు. గెలిచింది ఫ్రాన్సు దేశస్థుడు జా ఎరిక్ వెర్న్. నేను వెళ్ళి చూశాను. ఇంజను హోరు లేదు, తూనీగల గుంపు పోయినట్టు ఒక సన్నని కూత. ఆ కార్లకు వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండా రూపొందించారు. ఆపేటప్పుడు వేడిగా గాలిలో కలవవలసిన శక్తిని మోటార్లే పట్టి బ్యాటరీకి తిరిగి ఇస్తాయి. డీజిలు ఇంజను తాను తాగిన ఇంధనంలో సగానికి పైగా వేడి రూపంలో పారబోస్తుంది. పారబోసే వేడి తగ్గితే పెట్టవలసిన రంధ్రమూ తగ్గుతుందన్నమాట. 2024లో జరగవలసిన రెండో పందెం రద్దయిపోయింది, అది వేరే కథ.

తిరుగు ప్రయాణంలో బస్సు కోదాడ దాటి, గరికపాడు మీదుగా మా వైపుకు వచ్చేసరికి రోడ్డంతా లారీలు. కిటికీలోంచి వాటిని చూస్తుంటే మా మామయ్య గుర్తుకు వచ్చాడు. ఆయన చాలా ఏళ్ళు మా వైపు నుంచి సిమెంటు తోలాడు. ఆ రోజుల్లో లారీ అంటే కంపెనీ ఇచ్చేది ఇంజనూ చట్రమే. క్యాబిను, బాడీ బెజవాడ ఆటోనగర్ వంటి చోట్ల చెక్కతో, రేకుతో కట్టించుకునేవారు. రేడియేటరు ఎంత ఉండాలో, ఫ్యానుకు ఎన్ని రెక్కలుండాలో ఇంజనీర్లు లెక్కకట్టి పంపేవారు. డ్రైవరుకు గాలి ఎటునుంచి రావాలన్నది మాత్రం వడ్రంగి చూసుకోవలసిన పని. పైగా సగం ఇంజను క్యాబినులోనే ఉండేది, మూత మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది.

వేసవిలో మామయ్య మెడకు తడి తువ్వాలు చుట్టుకుని బండి నడిపేవాడు. నందిగామ చేరేసరికి అది అప్పడంలా ఎండిపోయేది. దాబా దగ్గర ఆపితే క్లీనరు మొదట రేడియేటరు నీళ్ళు చూసేవాడు, తరువాతే మనుషులు తాగడం. ఒకసారి నేను ఆ వరస ఏమిటని అడిగితే మామయ్య నవ్వేశాడు. "ఇంజను కాగిపోతే ఓనరు అడుగుతాడ్రా అల్లుడూ. నేను కాగిపోతే అడిగేదెవడు, మీ అత్త తప్ప!"

ఈ మాట నాకు 2023 అక్టోబరులో కతార్ పందెం చూసినప్పుడు మళ్ళీ వినిపించింది. ఆ రాత్రి కార్లు బాగానే చల్లబడ్డాయి, మనుషులు చల్లబడలేదు. లోగన్ సార్జెంట్ నీరసించి మధ్యలోనే ఆగిపోయాడు. ఎస్తబాన్ ఓకాన్ హెల్మెట్లోనే వాంతి చేసుకుని పందెం ముగించాడు. దిగినవాళ్ళలో కొందరు నిలబడలేకపోయారు. గాలిసొరంగాల్లో, కంప్యూటర్లలో ప్రతి అంగుళానికీ గాలి లెక్క తేల్చినవాళ్ళకు డ్రైవరు వేడి ఎందుకు తట్టలేదు?

తట్టకపోవడం కాదు, గిట్టుబాటు కాలేదు. చల్లని ద్రవం సన్నని గొట్టాల్లో తిరిగే చొక్కా, దానికొక పంపు, అన్నీ కలిసి కొన్ని కిలోలు. ఒక్క జట్టే తన డ్రైవరు మీద జాలిపడి ఆ బరువు మోస్తే ఆ జట్టే వెనకబడుతుంది. కనుక ఎవరూ మోయరు. చివరకు 2025లో నియమం వచ్చింది. ఉష్ణసూచిక 31 డిగ్రీలు దాటుతుందని సూచన ఉంటే ఆ పందేనికి వేడి ప్రమాదం ప్రకటిస్తారు, కారుకు ఉండవలసిన కనీస బరువు అందరికీ 5 కిలోలు పెంచుతారు. అప్పుడు చల్లదనం వల్ల ఎవరికీ నష్టం లేదు. ఆ అక్టోబరులో సింగపూరు పందేనికి ఫార్ములా వన్‌లో మొదటిసారి ఈ ప్రకటన చేశారు. కొందరు చొక్కా తొడుక్కున్నారు, కొందరు చిరాకని వద్దన్నారు. తేమను కలుపుకునే ఆ 31కీ మా థర్మామీటరులోని 31కీ తేడా ఉందని తెలుసు. అయినా మా ఊళ్ళో 31 డిగ్రీలంటే ఆరుబయట మంచం వేసుకునే వేళ కదా అని నవ్వు వచ్చింది.

సరిగ్గా ఆ 2025లోనే మన దేశంలో కొత్తగా తయారయ్యే మధ్యరకం, భారీ లారీలకు ఏసీ క్యాబిను తప్పనిసరి అయింది. ఇక్కడా అదే సూత్రం. ఒక్క ఓనరు ఏసీ పెట్టిస్తే ఆ ఖర్చు అతని కిరాయిలో చేరుతుంది, సరుకు పక్కవాడి బండి ఎక్కుతుంది. అందరికీ ఒకే బరువు పెడితే తప్ప మనిషికి చల్లగాలి అందదు. కోట్లు ఖర్చుపెట్టే పందెపు జట్టయినా, రెండు లారీల ఓనరయినా ఈ విషయంలో ఒకటే. దయ ఉన్నా పోటీ దాన్ని నిలవనివ్వదు.

అయితే ఆ నిబంధన కొత్త బళ్ళకే. పాతవి ఇంకా ఎన్నో ఏళ్ళు చిల్లకల్లు, కీసర టోల్‌గేట్ల దగ్గర వరసలో నిలబడే ఉంటాయి. వాటిలో చాలావాటిలో మెడకు తడి తువ్వాళ్ళే. ఈ వేసవిలో ఆ దారిన కార్లలో అద్దాలు బిగించుకుని పోయే మిత్రులు ఒకసారి పక్క లారీ క్యాబిను వైపు చూడండి. మీ మీ ప్రాంతాల్లో డ్రైవర్లు ఎండను తట్టుకోవడానికి ఏయే ఉపాయాలు చేసేవారో, వాటికి ఏ పేర్లుండేవో తెలిస్తే వ్యాఖ్యలో రాయండి. మామయ్యకు చదివి వినిపిస్తాను.