కాగితం మీద కనుబొమ్మలు

మధురవాడ కార్‌షెడ్ జంక్షన్‌కు కాస్త లోపలగా, ఒక మేడ మొదటి అంతస్తులో బ్యూటీ పార్లర్ ఉంది. దాని వెనక గదిలో కనుబొమ్మల షేడింగ్ నేర్పుతారంటే చూడ్డానికి వెళ్లాను. యంత్రాల రొద వినిపిస్తుందనుకున్నాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మాయిలు బల్లల మీదికి వంగి, బాగా చెక్కిన పెన్సిళ్లతో తెల్ల కాగితాల మీద చుక్కలు పెడుతున్నారు. ఎవరి దగ్గరా రబ్బరు లేదు. అడిగితే నేర్పే ఆవిడ నవ్వారు. "చర్మం మీద పడింది చెరపలేం కదండీ. ఇప్పట్నుంచే అలవాటవ్వాల."

పార్లర్లలో కనుబొమ్మల పనంటే మనకు తెలిసింది దారంతో పీకడమే. ఇక్కడ నేర్పేది రంగు దింపడం. మైక్రోబ్లేడింగ్‌లో వెంట్రుకల్లా సన్నటి గీతలు కోస్తారు. పౌడర్ బ్రోస్ అనే షేడింగ్‌లో గీతలుండవు, సూదితో చుక్కలే. జిడ్డు చర్మం మీద ఆ గీతలు కొన్నాళ్లకు అలుక్కుపోయి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వైశాఖంలో వైజాగ్ ఉక్క తెలిసినవాళ్లెవరైనా చుక్కలవైపే మొగ్గుతారు.

నాకు ఇద్దరు చిత్రకారులు గుర్తొచ్చారు. బాపు అయితే కనుబొమ్మను ఒక్క గీతతో తేల్చేసేవారు. కశింకోటలో ఉంటూ 'చందమామ', 'యువ' ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య దారి వేరు; రంగు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో పట్టుకోలేం. ఈ గదిలో సాధన చేస్తున్నది ఆ రెండో దారినే.

కనుబొమ్మ ముక్కు వైపు పల్చగా ఉండాలి, తోకకు వెళ్లేకొద్దీ చిక్కబడాలి. కింది అంచు కన్నా పై అంచు తేలిగ్గా ఉండాలి. కొత్తవాళ్లు నలుపు కావాలంటే పెన్సిలు నొక్కుతారు. ఇక్కడ అది నిషిద్ధం. నొక్కుడు అంతటా ఒక్కటే. మారాల్సింది చుక్కల మధ్య ఎడం. ఆవిడ లెక్క కట్టి చూపించారు. యంత్రంలో సూది సెకనుకు 100 సార్లు దిగుతుందనుకుందాం. చేయి సెకనుకు 5 సెంటీమీటర్లు నడిస్తే చుక్కకూ చుక్కకూ మధ్య అర మిల్లీమీటరు. చేయి సగానికి నెమ్మదిస్తే పావు మిల్లీమీటరు, రంగు అక్కడ చిక్కన. చేయి ఆగిందా, మచ్చ! అందుకే కాగితాన్ని తాకకముందే చేయి కదులుతూ ఉండాలి, కదులుతుండగానే పైకి లేవాలి. కాసేపు నేనూ ప్రయత్నించాను. నా కనుబొమ్మకు మొదట్లోనే మశూచి వచ్చింది.

అసలు ఈ యంత్రం పుట్టిందే కాగితం కోసం. 1876లో ఎడిసన్ పేటెంటు పొందిన ఎలక్ట్రిక్ పెన్ను కాగితానికి సన్నటి బెజ్జాలు పొడిచేది. ఆ బెజ్జాల్లోంచి సిరా దించి నకళ్లు తీసేవారు. ఆ సూత్రం మీదే న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ 1891లో పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు.

కాగితం నేర్పలేనిది లోతు. రంగు పై పొరను దాటి, కింది పొర మొదట్లోనే ఆగాలి. మిల్లీమీటరు కూడా లేని దూరం. పైపైన పడితే పెచ్చుతో పాటు రాలిపోతుంది. మరీ లోపలికి దిగితే బూడిదరంగు నీలం తేలుతుంది. మా అమ్మమ్మ ముంజేతి పచ్చబొట్టులో వేసింది దీపం మసే, నల్లటిదే. లోతున ఉండిపోయి చర్మంలోంచి నీలంగా కనబడేది. చేతి మీద అది ముచ్చట. కంటి మీదైతే ఏళ్ల తరబడి బాధ. అందుకే కాగితం తర్వాత రబ్బరు చర్మం, ఆ తర్వాతే మనిషి. రెండు మూడు రోజుల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే క్లాసులూ ఉన్నాయి. నా ముఖం అప్పగించాల్సొస్తే సర్టిఫికెట్ అడగను, చుక్కలు పెట్టిన కాగితాల కట్ట చూపించమంటాను.

కొలతల పాఠం కూడా ఉంది: ముక్కు రెక్క నుంచి కంటి చివరి కొసకు దారం పట్టి తోక ఎక్కడ ముగియాలో గుర్తిస్తారు. మనిషిని కూర్చోబెట్టే కొలవాలట, పడుకుంటే చర్మం వెనక్కి జారుతుంది.

భీమిలి నుంచి వచ్చే ఒకమ్మాయికి ఎడమ బొమ్మ చక్కగా కుదిరింది, కుడిది కుదరడం లేదు. మెల్లిగా కాగితాన్ని అడ్డంగా తిప్పబోయింది. ఆవిడ ఎక్కడినుంచి చూశారో, వచ్చి కాగితం నాలుగు మూలలా టేపు అంటించేశారు.

"ఏటమ్మా, కాగితమంటే తిప్పేస్తావు. రేపు మనిషి తల కూడా తిప్పేస్తావేటి?"

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, లేచి, పెన్సిలు పట్టుకుని బల్లకు అటువైపు వెళ్లి నిలబడింది.

"అదీ!" అన్నారావిడ.