కుండీ వైద్యం

మనిషికి జబ్బు చేస్తే డాక్టరు దగ్గరకు వెళతాం. గొడ్డుకు జబ్బు చేస్తే పశువుల ఆస్పత్రికి తోలుకుపోతాం. మొక్కకు జబ్బు చేస్తే మాత్రం ఆ దారిన పోయే ప్రతివాళ్ళూ వైద్యులే! మా హాస్టలు వరండాలో ఇరవై పైచిలుకు పూలకుండీలున్నాయి. వాటికి జరిగే వైద్యం చూస్తే, మొక్కలకు నోరు లేకపోవడం మన అదృష్టమేమో అనిపిస్తుంది. ఒకరు చెంబెడు నీళ్ళు పోస్తారు, ఒకరు మెస్సులో మిగిలిన టీ పిప్పి వేస్తారు, ఒకరు పిడికెడు యూరియా చల్లుతారు. ఎవరి ప్రేమ వాళ్ళది.

నేను సేద్యం చేసే ఇంట్లోంచి వచ్చినదాన్ని, చదివేదేమో వృక్షశాస్త్రం. అందుకని ఏ మొక్క తల వేలేసినా “ఏమే, మీకు పొలముంది గదా, దీనికేమైందో చెప్పు” అంటూ నాకే కబురు. అలా చూడగా చూడగా నాకు తేలిందేమిటంటే, కుండీ మొక్కలను రోగం కన్నా వైద్యమే ఎక్కువగా చంపుతోంది.

ముందు నీళ్ళ సంగతి. చేలో మొక్కకు వేరు లోతుకు దిగే దారుంది, ఎక్కువైన నీరు ఇంకిపోయే దారీ ఉంది. కుండీకి ఉన్నదల్లా అడుగున ఒక చిల్లు. అది పూడిపోయిందా, లోపల చెరువే! వేళ్ళకూ ఊపిరి కావాలి. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు నిండితే ప్రాణవాయువు అందక వేళ్ళు కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు. అంటే పీకల్లోతు నీళ్ళలో ఉండి కూడా మొక్క దాహంతో వాడిపోతుందన్నమాట. అది చూసి మనం జాలిపడి ఇంకో చెంబు పోస్తాం!

కనుక వాడిన మొక్క కనబడితే ముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా ఉంటే అడుగు చిల్లులోంచి కారేదాకా నీళ్ళు పోయండి. తడిగా ఉంటే చెంబు పక్కన పెట్టి, చిల్లు పొడిచి, కుండీని నీడకు జరపండి. నర్సరీ మొక్కలతో మరో చిక్కుంది. చాలా వాటికి వేళ్ళ చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. అది ఎండితే ఇటుకే. పోసిన నీళ్ళు దాని పక్కనుంచి జారిపోతాయి. కుండీ తడిసినా వేరు తడవదు. నాటేముందు ఆ ముద్దను నానబెట్టి, వేళ్ళు తెగకుండా కొంత మట్టి విడదీయాలి.

ఇక ఆకులు పచ్చబడటం. “బలం లేదు, ఎరువెయ్యి” అని అందరూ అంటారు. ఏ ఆకు పచ్చబడిందో ఎవరూ చూడరు. కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతే చాలావరకు నత్రజని లోపం. మొక్క తన ముదురాకుల్లోని నత్రజనిని చిగుళ్ళకు పంపేస్తుంది. మా అమ్మ చారుతో సరిపెట్టుకుని కూరంతా మా కంచాల్లో వేసినట్టు! అదే చిగురాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. ఇనుము ముదురాకులోంచి చిగురుకు తేలిగ్గా కదలదు. ఉప్పు తేలిన బోరు నీళ్ళు పోసి పోసి మట్టిలో క్షారగుణం పెరిగితే, ఇనుము ఉన్నా కరగదు, వేరుకు అందదు. అక్కడ యూరియా ఎంత వేసినా దండగ. వేరుశనగ రైతులకు దీని మందు తెలుసు. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తారు.

యూరియా పిడికిలితో వేస్తే ఏమవుతుందో మనం లాబరేటరీలో చూసిందే. రియో ఆకు పొరను చిక్కటి ఉప్పునీటిలో పెడితే, మైక్రోస్కోపు కింద కణంలోని నీరు బయటికొచ్చి లోపలి పదార్థం ముడుచుకుపోవడం కనిపిస్తుంది. పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, వరండాలో మాడిన ఆకు అంచులు కూడా ఆ ప్రయోగమే అని గుర్తించినవాళ్ళు తక్కువ.

చామంతి కథ వేరు. నవంబరు వెళ్ళిపోతున్నా మెట్ల దగ్గరి మూడు కుండీల్లో మొగ్గ లేదు. వరండా కొసన ఉన్న అదే రకం విరగబూసింది. మట్టి మంచిది కాదన్నారొకరు, దిష్టి తగిలిందన్నారింకొకరు. అసలు కారణం నెత్తిమీద రాత్రంతా వెలిగే ట్యూబులైటు! 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు కొన్ని మొక్కల పూత పగలూ రాత్రీ ఎంత పొడవున్నాయన్న దాన్నిబట్టి ఉంటుందని ప్రకటించారు. వాళ్ళు చూసిన మొక్కల్లో మన గుంటూరు వాళ్ళకు చుట్టమైన పొగాకు ఒకటి. చామంతికి పొడుగాటి, నిండైన చీకటి కావాలి. ఆ కుండీలను చీకటి మూలకు చేర్చాం. మందూ లేదు, మాకూ లేదు. ఫిబ్రవరి మొదట్లో పూశాయి.

మందారం మొగ్గలు రాలుతుంటే ఆకు తిరగేసి చూడండి. తెల్లటి పిండిలా కనబడితే అది పిండినల్లి. చీమలు బారులు తీరాయంటే అనుమానమే అక్కర్లేదు. పిండినల్లి విసర్జించే తీపి కోసం అవి దానికి కాపలా కాస్తాయి. నీటిధారతో కడిగి, పలచటి సబ్బునీళ్ళు చల్లి, చీమల దారి తెంచితే చాలావరకు తగ్గుతుంది. పురుగుల మందు సీసా కొననక్కర్లేదు.

ఆ సీసా మాటెత్తితే మా తాతయ్య గుర్తొస్తాడు. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ నాశనం చేసింది. విచ్చలవిడిగా కొట్టిన మందులకు దోమను తినే మిత్రపురుగులు చచ్చి, దోమ మరింత పెరిగిందని తర్వాత శాస్త్రజ్ఞులు చెప్పారు. మా తాతయ్యకు అప్పుడు నాలుగెకరాల పత్తి. దోమ పెరిగినకొద్దీ మందు పెంచాడు, మందుతోపాటు అప్పూ పెరిగింది. చివరికి ఒక ఎకరం అమ్మేశాడు. “పంట సగం దోమ తినిందమ్మా, మిగతా సగం మందు తినింది. ఇదిగో ఫలానా పురుగు, దీనికింతే చాలు అని చెప్పే మనిషి ఆనాడు ఊళ్ళో ఒక్కడు లేడు” అని ఇప్పటికీ అంటాడు.

నన్ను బి.యస్సీకి పంపేటప్పుడు ఇంట్లో జరిగిన చర్చను ముగించింది ఆ మాటే. అందుకే కుండీ వైద్యం నాకు కాలక్షేపం కాదు. వేలు గుచ్చి చూడటం, ఆకు తిరగేసి చూడటం, ఏ ఆకన్నది గమనించడం, ఆ తర్వాతే చెయ్యి చాపడం – ఈ వరస చేలో అయినా ఇదే. కుండీలో తొందరపడితే పోయేది ఒక మందారం. చేలో తొందరపడితే ఎకరం పోతుంది.

వచ్చే ఏడు ఈ వరండా చెల్లెళ్ళది. కుండీలన్నీ ఉన్నచోటే ఉంటాయి. చెంబు కూడా అక్కడే ఉంటుంది. అమ్మాయిలూ, ముందు వేలు, తర్వాతే చెంబు!