పచ్చ చుక్క పర్మిషన్

ఈమధ్య షుగర్ పేషెంట్లు రిపోర్టుల కవరు కంటే ముందు ఫోను తీసి బల్ల మీద పెడుతున్నారు. అందులో ఒక యాప్. ఏ తిండి రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ ఇండెక్స్ నెంబరు, దాని పక్కన రంగు చుక్క. 55, ఆ లోపు అయితే పచ్చ. 70, ఆ పైన ఎరుపు. మధ్యలో పసుపు. యాప్ దించుకున్నందుకు నాకేం కోపం లేదు. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు క్షణం ఆగే మనిషి దొరికితే మాకు పండగే. నా గొడవల్లా పచ్చ చుక్క కనబడగానే బిళ్ళలకు సెలవిచ్చేసేవాళ్ళతోనే.

మా ఊళ్ళో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. పద్ధతిగల మనిషి. మూడు నెలల షుగర్ ఏళ్ళ తరబడి ఏడు చిల్లరలోనే నడిచింది. మొన్న వేసవి చివర చూస్తే పదిన్నర.

"మాస్టారూ, బిళ్ళలు వేసుకుంటున్నారా?"

"అవసరం పడటం లేదండీ. ఎర్ర చుక్క ఉన్న వస్తువేదీ ముట్టటం లేదు."

"మరి ఏం తింటున్నారు?"

"మామిడిపండు. 51. పచ్చ."

"పూటకెన్ని?"

"రెండు. చిన్నవే లెండి."

వెనక నిలబడ్డ వాళ్ళావిడ ఇక ఊరుకోలేకపోయింది. "బంగినపల్లి కాయలండీ. చిన్నవైతే ఆయన బేరం కూడా ఆడరు. పుచ్చకాయను మాత్రం గుమ్మం తొక్కనివ్వటం లేదు, దానికి ఎర్ర చుక్కట."

ఈ నెంబర్లు ఎక్కడినుంచి ఊడిపడ్డాయో ఆయనకు చెప్పాల్సి వచ్చింది. 1981లో కెనడాలోని టొరంటోలో డేవిడ్ జెంకిన్స్, ఆయనతోటి పరిశోధకులు మొదలుపెట్టిన లెక్క ఇది. పరగడుపున ఉన్న మనుషుల చేత 50 గ్రాముల పిండిపదార్థం ఉండేంత తిండి తినిపిస్తారు. రెండు గంటల పాటు కాసేపటికొకసారి రక్తం తీసి చూస్తారు. అదే మనుషులకు గ్లూకోజ్ ఇచ్చినప్పుడు చక్కెర పెరిగినదాన్ని 100 అనుకుంటే, ఈ తిండికి ఎంత పెరిగిందో అదే దాని నెంబరు. ఇక్కడ చూడాల్సింది ఆ 50 గ్రాములు. పుచ్చకాయలో ఉండేది చాలావరకు నీళ్ళు. దాన్నుంచి 50 గ్రాముల పిండిపదార్థం పోగవ్వాలంటే దగ్గర దగ్గర ముప్పావు కిలో గుజ్జు తినాలి. బంగినపల్లి అయితే ఒకటిన్నర కాయకే ఆ మోతాదు వచ్చేస్తుంది. అంటే ఆ పరిశోధనలో మనుషులకు కొలిచి పెట్టినదానికంటే ఎక్కువే మాస్టారు పూటపూటా లాగిస్తున్నారు.

తిన్న మోతాదును కూడా కలుపుకొని లెక్క కట్టే పద్ధతిని 1997లో హార్వర్డ్ వాళ్ళు తెచ్చారు. దాన్ని గ్లైసెమిక్ లోడ్ అంటారు. నెంబరును తిన్న పిండిపదార్థం గ్రాములతో హెచ్చించి 100తో భాగించడమే. 10 లోపు తక్కువ, 20 నుంచీ ఎక్కువ. మాస్టారు నా చేతిలో పెన్ను తీసుకుని చీటీ వెనక్కి తిప్పారు. రెండు కాయలకు 75 గ్రాములు వేసుకుని, 51తో హెచ్చించి, భాగించి, 38 అని రాసి కింద గీత కొట్టారు. పక్కనే ప్లేటుడు పుచ్చకాయ ముక్కలకు 8 వచ్చింది. కాసేపు ఆ రెండంకెలనూ చూసి, "యాప్ వాడు తప్పు చేశాడు" అన్నారు. యాప్ వాడు తప్పేమీ చెయ్యలేదు. 51 నిజమే. ఎన్ని తినాలో అది చెప్పలేదు, ఈయన అడగలేదు. మెట్‌ఫార్మిన్ మళ్ళీ మొదలుపెట్టించాను. అన్నం తగ్గించుకున్న పూట భోజనంతో అర చెక్క మామిడిపండు ఒప్పుకున్నాను. మామిడిపండు పూర్తిగా మానమంటే మన ఊళ్ళో ఎవరూ వినరు. విన్నామని చెప్పేవాళ్ళు అబద్ధమాడుతున్నట్టు.

ఆ పచ్చ చుక్కకున్న తమాషా ఇంకా ఉంది. కొన్ని ఐస్‌క్రీములు పచ్చలోకి వస్తాయి. కొవ్వు ఎక్కువుంటే జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది, చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది, నెంబరు తగ్గుతుంది. అంతమాత్రాన అది పథ్యం కాదు గదా! బియ్యం సంగతీ అంతే. యాప్‌లో 'తెల్ల అన్నం' అని ఒక్క వరస ఉంటుంది, డెబ్బై దాటి. మన దగ్గర బాపట్ల సాంబ మసూరి వేరు, రేషను బియ్యం వేరు. మెత్తగా జావలా వండింది వేరు, వండి చల్లార్చింది వేరు. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు తీసిన తెలంగాణ సోనా ఇండెక్స్ 52 దరిదాపుల్లో ఉంటుందని ప్రకటించారు. మంచి రకమే. దాన్ని కొట్లో 'షుగర్ లెస్ బియ్యం' అని అమ్ముతుంటే జనం ఇంటికి తెచ్చుకుని నిశ్చింతగా మారు వడ్డించుకుంటున్నారు.

వీళ్ళకంటే నన్ను ఎక్కువ విసిగించేవాళ్ళు పరగడుపు వాళ్ళు. బట్టల షాపు నడిపే ఒకాయన బిళ్ళలు ఆపి ఆరు నెలలై వచ్చాడు. అరికాళ్ళ మంటలట. "రాత్రి మజ్జిగ తాగి పడుకున్నా సార్. తెల్లారి ఫాస్టింగు 196. ఏమీ తినకుండా ఎట్లా పెరుగుద్ది? మిషను తేడాగా ఉంది." మిషను బాగానే ఉంది. మనం నిద్రపోయినా లివర్ నిద్రపోదు. గుండె, మెదడు ఆగకుండా ఉండాలని తెల్లవార్లూ రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. 'ఇక చాలు' అని దానికి చెప్పాల్సింది ఇన్సులిన్. షుగర్ ఉన్నవాళ్ళలో ఆ మాట లివర్‌కు సరిగ్గా వినబడదు. ఈయన మానేసిన మెట్‌ఫార్మిన్ పని చేసేది ముఖ్యంగా అక్కడే. కంచంలోకి వచ్చినదాన్నే యాప్ లెక్కపెడుతుంది. లివర్ వదిలేదానికి అందులో వరసే లేదు. "మరి బిళ్ళలు కిడ్నీలు పాడుచేస్తాయంటగా సార్?" కిడ్నీలను పాడుచేసేది ఆ 196, ఇంతకాలంగా ఉన్న అలాంటి అంకెలన్నీ. మెట్‌ఫార్మిన్ కాదు. కిడ్నీలు ముందే దెబ్బతిన్నవాళ్ళకు మోతాదు తగ్గిస్తాం, లేదా ఆపుతాం. అది చూసుకోవడానికే గదా నేనిక్కడ కూర్చుంది. ఇదంతా ఆయనకు గొంతు పెంచే చెప్పాను. తర్వాత కాళ్ళు చూశాను. బొటనవేలి కింద చిన్న పుండు. చెప్పు కరిచిందట. నొప్పి లేదు గనక పట్టించుకోలేదట. ఆ నొప్పి లేకపోవడమే భయం. నరాలు మొద్దుబారితే పుండు పెరుగుతున్నా తెలియదు. గొంతు దానంతటదే తగ్గిపోయింది.

అందరినీ తిట్టలేం. ఇన్సులిన్ మీద ఉన్న ఓ పెద్దావిడకు డల్లాస్‌లో కూతురు. పూటపూటా తల్లి కంచం ఫోటో అడుగుతుంది, అక్కడ యాప్‌లో ఎక్కిస్తుంది. గోంగూర పప్పును పాలకూర అంటుందట ఆ యాప్. పెసరట్టును పాన్‌కేక్ అంటుందట. పెద్దావిడ నాతో గుట్టుగా చెప్పింది, "పిల్ల బెంగపెట్టుకుంటుంది నాయనా. ఫోటోకి కూర ఎక్కువ పెడతా. ఫోటో పంపాక అన్నం వడ్డించుకుంటా." కూతురు ఫోన్ చేసినప్పుడు, కంచం సంగతి వదిలేసి ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు వేసుకుందో, కాళ్ళు చూసుకుందో లేదో అడగమన్నాను. "ఇంత దూరాన్నుంచి నేను చెయ్యగలిగింది ఇదొక్కటే గదా డాక్టరు గారూ" అంది ఆ అమ్మాయి. ఏం చెప్పను? ఫోటోలు కూడా అడుగుతూ ఉండమ్మా అన్నాను.

విత్తనాల కొట్టు ఆయన సంగతి వేరు. బిళ్ళలు మానలేదు. గ్లిమెపిరైడ్ టైముకి వేసుకునేవాడు. మానింది టిఫిను. ఇడ్లీకి ఎర్ర చుక్క ఉందని గుప్పెడు మొలకెత్తిన పెసలు తిని కొట్టు తెరిచాడు. గ్లిమెపిరైడ్ మీరు తిన్నారా లేదా అని ఆగదు, ఇన్సులిన్ బయటికి నెడుతూనే ఉంటుంది. పదకొండు గంటలకు చెమటలు, వణుకు, మాట తడబాటు. భార్య వేలు పొడిచి చూస్తే 48. గ్లూకోజ్ పొడి కలిపి తెస్తే గ్లాసు తోసేశాడు. ఫోను చూపిస్తూ, "వందే, ఎరుపే, వేరుశనగపప్పు ఇవ్వు" అంటున్నాడట. ఆవిడ నాకు ఫోన్ చేసి ఏడుస్తోంది. షుగర్ పడిపోయినప్పుడు కావాల్సింది ఆ 100 నెంబరే. వేరుశనగపప్పు రక్తంలోకి చేరేలోపు మనిషి పడిపోతాడు. "ముందు ఫోను లాక్కోమ్మా, గ్లాసు పట్టు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకు, ఆటో ఎక్కించెయ్" అన్నాను. అదృష్టం, తాగాడు. పావుగంటకు 90 దాటింది. ఆ మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది గనక వెంటనే అన్నం పెట్టించాను. మర్నాడు మోతాదు సగానికి తగ్గించాను, టిఫిను లేకుండా బిళ్ళ వెయ్యొద్దని చీటీ మీద పెద్దక్షరాలతో రాశాను.

పోయిన వారం వచ్చినప్పుడు ఆయన చొక్కా జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంది. దాని మీద వాళ్ళావిడ నల్ల స్కెచ్ పెన్నుతో రాసి పెట్టింది: 'యాప్ చూడకుండా మింగవలెను.'