ఓడ ఎక్కిన స్కూటరు

సంత్రాగాఛిలో శీతకాలం చెరువు మీది పక్షుల కూతలతో మొదలవుతుంది. వలస బాతులు వాలడానికి వీలుగా గుర్రపుడెక్కను కొంత తొలగించి, కొంత దిబ్బలుగా మిగులుస్తారు. గత డిసెంబరులో ఆ పక్షులు దిగిన వారంలోనే, సైన్యంలో ఉన్న మా అబ్బాయికి అండమాన్‌కు బదిలీ ఉత్తర్వు అందింది. 2001లో త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఏర్పడినప్పటి నుండి అక్కడికి బదిలీలు అరుదేమీ కావు.

మా కుటుంబానికి బదిలీలు కొత్త కాదు. మా తండ్రిగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. ఆగ్నేయ రైల్వేలో పనిచేసిన నేను విరమణానంతరం ఇక్కడ ఇల్లు కట్టుకొన్నాను. అబ్బాయి జోధ్‌పూర్ వెళ్లినా, లేహ్ వెళ్లినా, 2016లో కొన్న తన స్కూటరు మాత్రం మా వరండాలోనే ఉండేది. సెలవుపై వచ్చినప్పుడు సంచి దించీ దించకముందే దాని తాళం అడిగేవాడు. అది ఇక్కడ ఉన్నంతకాలం వాడి ఇల్లు ఇదేనని నాలో ఒక నమ్మకం ఉండేది. ఈసారి భార్యనూ బిడ్డనూ వెంట తీసుకొని వెళుతూ, స్కూటరును కూడా ఓడలో పంపుతానన్నాడు.

"అక్కడే ఒకటి కొనుక్కోరాదా?" అన్నాను. వాడు జవాబు చెప్పేలోగా నా భార్య అందుకొంది. "కొండదారుల ఊరట. కోడలు పసిదాన్ని బడికి ఎత్తుకొని నడవాలా? మీరు దానిమీద నెలకు రెండుసార్లు సంతకు వెళతారు, అంతే కదా!" ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

మొదట కాగితాల పని. వాహనం ఒక రాష్ట్రంలో నమోదై మరొకచోట 12 నెలలు దాటి ఉంటే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం అక్కడ తిరిగి నమోదు చేయించాలి. అందుకు ఇక్కడి రవాణా కార్యాలయం నుండి నిరాక్షేపణ పత్రం కావాలి. తరచు బదిలీ అయ్యేవారి సౌకర్యార్థం 2021లో భారత్ సీరీస్ నంబర్లు వచ్చాయి గాని, మా బండికి ఉన్నది పాత రకం నంబరే. దరఖాస్తు మీద ఛాసిస్ నంబరు అచ్చు ఉండాలి. పల్చని కాగితం ఆ అంకెలమీద ఒత్తిపెట్టి పెన్సిలుతో రుద్దితే అవి నల్లటి నీడలో తెల్లగా తేలుతాయి. ఆ పని నేనే చేశాను. మొదటి కాగితం చెదిరింది, రెండవది కుదిరింది. "ఆక్షేపణ లేదు" అని ప్రభుత్వం వ్రాసి ఇచ్చింది. ఉన్న ఆక్షేపణ నా ఒక్కడిదే. దానికి దరఖాస్తులో గడి లేదు.

తరువాత బండిని సిద్ధం చేయడం. అమెరికా సైన్యంలో విదేశాలకు బదిలీ అయ్యేవారు కారును ఓడలో పంపేటప్పుడు టాంకులో నాలుగోవంతుకు మించి ఇంధనం ఉంచరాదట. చక్రాల సందుల్లో మన్ను కూడా ఉండరాదట. ఆ మట్టితో పరాయి విత్తనాలు, పురుగులు దేశాలు దాటుతాయని భయం. అబ్బాయి ఈ సంగతి చెబుతూ మడ్‌గార్డు లోపలి బురదను పుల్లతో గీకి కడిగాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఇనుప భాగాలకు నూనె పూశాడు. అద్దాలు విప్పి, బ్యాటరీ తీగలు ఊడదీసి, టాంకులోని పెట్రోలు డబ్బాలోకి దించాడు. చివరికి సీటు క్రింది అరలో ఏదో బరువు తగిలింది. చూస్తే, గుడ్డలో చుట్టిన కంద! సంత్రాగాఛి కందకు బెంగాల్ అంతటా పేరుంది. "అమ్మా, బండిలో ఏమీ పెట్టకూడదు" అని వాడు దాన్ని తన పెట్టెలోకి మార్చాడు.

చిన్న వ్యానులో విద్యాసాగర్ సేతువు దాటి ఖిదిర్‌పూర్ రేవు వైపు వెళ్లాము. గిడ్డంగి గుమస్తా వంగి వాసన చూసి తల అడ్డంగా ఊపాడు. టాంకు ఖాళీయే, కార్బొరేటరులో కొంచెం పెట్రోలు మిగిలింది. ఓడ అడుగున మూసిన గదిలో ఆ కొంచెమే చాలు ప్రమాదానికి. ఆ పూట వాడు దాన్ని తీసుకోకపోతే మళ్ళీ ఓడ ఎప్పుడో! వెనక్కి తీసుకుపోదామని నా నోటిదాకా వచ్చింది. అబ్బాయి అప్పటికే నేలమీద కూర్చొని స్క్రూ వదులు చేస్తున్నాడు. నేను డబ్బా పట్టాను. చుక్కలు ఆగేదాకా ఇద్దరమూ మాట్లాడలేదు. ఆపైన గడ్డి, గోనె చుట్టి, తాడు బిగించి, వాడి పేరు, నంబరు వ్రాశారు.

కలకత్తా నుండి 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయర్‌కు సముద్రమార్గం సుమారు 1,255 కిలోమీటర్లు. నెల తరువాత అబ్బాయి ఫోను చేశాడు. బండి క్షేమంగా చేరింది. కోడలు బిడ్డను దానిమీదనే బడికి తీసుకువెళుతున్నది. త్వరలో అండమాన్ నంబరు వస్తుందట. నా భార్య కంద కూర ఎలా కుదిరిందని అడిగింది.

ఫోను పెట్టాక నేను ఆనాటి చెదిరిన కాగితం తీసి చూశాను. నంబరు ప్లేటు ఊరినిబట్టి మారుతుంది. ఛాసిస్ మీది అంకెలు మారవు. ఆ కాగితాన్ని మడిచి, ఇంటి పత్రాలున్న సంచిలో పెట్టాను.