డబ్బా నీళ్ళూ పొట్లం నీళ్ళూ

ఎండలు ముదిరాయంటే దెందులూరు చుట్టుపక్కల నుంచీ, కొల్లేటి లంకల నుంచీ విరేచనాలతో పసిపిల్లలు మా ఆసుపత్రికి వస్తూనే ఉంటారు. ఓసారి ఏడాదిన్నర బిడ్డను మామ్మ చంకనేసుకొచ్చింది. కళ్ళు లోతుకు పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటోంది.

"ఓఆర్‌ఎస్ పడతానే ఉన్నామండి డాక్టరుగారూ. తాగినకొద్దీ నీళ్ళలాగే పోతందండి" అంది.

సంచిలోంచి డబ్బా తీసింది. పేరులో ఓఆర్‌ఎస్ ఉంది. లోపలున్నది తియ్యటి పానీయం.

ఆవకాయ ముక్కలకు ఉప్పు తగిలితే మూడో రోజుకల్లా ఊట ఊరుతుంది. బడిలో చదువుకున్న ద్రవాభిసరణం అదే: చిక్కదనం ఎటు ఎక్కువో నీరు అటు పోతుంది. పేగులోనూ అంతే. చక్కెర మితిమీరితే ఒంట్లో నీరు పేగులోకి వచ్చేస్తుంది, విరేచనం పెరుగుతుంది. అదే ఉప్పూ గ్లూకోజూ సరైన పాళ్ళలో ఉంటే రెండూ జతగా పేగు గోడ దాటి లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరూ వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల మధ్య కలరా చెలరేగి సెలైన్ చాలనప్పుడు, బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పూ గ్లూకోజు నీళ్ళే డ్రమ్ముల్లో కలిపి తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఓఆర్‌ఎస్ అంటే లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. డబ్బాల్లో లీటరుకు ఇంచుమించు 120 గ్రాముల చక్కెర ఉన్నవీ అమ్మారు! హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదంది. మనవాళ్ళలో ఒకరు ఇంత పట్టుబట్టి సాధించడం నాకెంతో గర్వంగా ఉంది.

ఆ బిడ్డకు అసలైన ఓఆర్‌ఎస్ చెంచాతో పట్టించాం. సాయంత్రానికి మూత్రం పోశాడు.

డబ్బా పోయినా మరో ప్రమాదం ఉంది. లీటరు పొట్లాన్ని ఒక్క గ్లాసులో కలిపేసేవాళ్ళున్నారు. అప్పుడు రక్తంలో ఉప్పు పెరిగి, మెదడు కణాల్లోంచి నీరు బయటికొస్తుంది. పిల్లాడికి ఫిట్స్ రావచ్చు. అందుకే తల్లులకు లీటరు సీసా చూపించి మరీ చెబుతాను: లీటరు పొట్లం మొత్తం, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో. పంచదార కలపొద్దు. ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. పొట్లాలు ఆశా కార్యకర్త దగ్గర ఊరికే దొరుకుతాయి.