మా ఊరి బడిలో చదువుల రాత్రి

సైన్సు విద్యార్థికి ఏ పని అప్పగించినా ముందు రికార్డు పుస్తకం తెరుస్తాడు. ఉద్దేశ్యం, పరికరాలు, విధానం, ఫలితం! పోయిన ఏడాది మా ఊరి బడి గ్రంథాలయంలో కుటుంబాలన్నీ కలిసి చదువుకునే రాత్రి ఒకటి పెట్టాలని మిత్రులం అనుకున్నప్పుడు నేను చేసిందీ అదే. ఉద్దేశ్యం: పెద్దలూ పిల్లలూ కలిసి చదవడం. పరికరాలు: పుస్తకాలు, జంబుఖానా, దీపం. విధానం: ఇంటికొకరు ఒక పేజీ పైకి చదవాలి. ఫలితం అన్నచోట ఖాళీ ఉంచాను. ఆ ఖాళీ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మాది కళింగపట్నం పక్క పల్లె. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు ఓడలాగిన రేవు. ఇప్పుడు అటు దీపస్తంభం, ఇటు వరి మళ్ళు. ఈ తీరంలో వేట మీద బతికే ఇళ్ళల్లో మగవాళ్ళు చాలామంది గుజరాత్‌లోని వీరావల్ రేవుకు బోట్ల మీద పనికి పోతారు. మాది వ్యవసాయం. మా అయ్య మూడో తరగతిలో పలక ఒగ్గేసి పశువుల వెంట పడ్డాడు. బ్యాంకు కాగితం ఏదైనా వస్తే నేను సెలవులకు వచ్చేదాకా పెట్టెలో దాస్తాడు. ఒకసారి అలాంటి కాగితాన్ని గడగడా చదివేశాను.

"సదివింది సాల్లేరా. అరదం సెప్పు" అన్నాడు.

చెప్పలేకపోయాను. బి.ఎస్సీ. చదువుతున్నానన్న గర్వం ఆ పూట దిగిపోయింది.

2020లో మన ప్రభుత్వం బడుల్లో 'చదవడం మాకిష్టం' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మంచి పేరు, మంచి ఆలోచన. కానీ ఇంట్లో ఒక్క పుస్తకమూ లేని పిల్లవాడికి ఆ ఇష్టం సాయంత్రం బడి గంటతోనే ఆగిపోతుంది కదా! పుస్తకాలేమో బీరువాలో, బీరువాకేమో తాళం. "పోతే జవాబుదారీ ఎవరు బాబూ?" అన్నారు మాస్టారు. ఆయన భయం ఆయనది. పోయిన పుస్తకం ఖరీదు మేం అయిదుగురం పంచుకుంటామని నోటు పుస్తకంలో సంతకాలు చేశాకే తాళంచెవి మా చేతికొచ్చింది.

మొదటి రాత్రి శుద్ధంగా విఫలమైంది. ఉభాల రోజులు. పొద్దంతా బురదలో వంగిన నడుములు సాయంత్రం ఆరింటికి బడికి వస్తాయా? పదకొండు మంది పిల్లలు, ఇద్దరు తల్లులు వచ్చారు. ఒకావిడ చేతికి పుస్తకం అందించాం. అటూ ఇటూ తిప్పి, "అద్దాలు తేనేదు బాబూ" అంది. ఆవిడకు అద్దాలు లేవని ఊరందరికీ తెలుసు! మా అయ్య గేటు బయట చెట్టు కిందే నిలబడి చుట్ట కాల్చుకున్నాడు. తిరిగొస్తూ దారిలో అన్నాడు: "నీ ఏర్పాటు బాగుంది గానీ, గుంటల ముందు మా పరువు తియ్యకురా."

అప్పుడర్థమైంది. పొరపాటు పరికరాల్లో లేదు, విధానంలో ఉంది. కలిసి చదువుకుందామని పిలిచి, పెద్దవాళ్ళకు పరీక్ష పెట్టాను.

1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంబడి పల్లెలకు పంపించారు. చదివేవాళ్ళ దగ్గరికి పుస్తకమే వెళ్ళింది. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా రాత్రిబడుల్లో ఆడవాళ్ళు సారా మీద రాసిన పాఠం విన్నారు. అది తమ ఇంటి గోడే అనుకున్నారు. 1992 నాటికి అది సారా వ్యతిరేక ఉద్యమమై రాష్ట్రాన్ని కదిలించింది. వాళ్ళకు ఆ పాఠంలో తమ బతుకు కనబడింది. మా రాత్రిలో మా పెద్దవాళ్ళ బతుకుకు చోటేదీ?

విధానం కొట్టేసి మళ్ళీ రాశాను. ఉభాలు అయిపోవాలి, కోతలు మొదలు కాకూడదు. పౌర్ణమి దగ్గర రోజైతే తిరిగి వెళ్ళేటప్పుడు దారి కనబడుతుంది. వంటలయ్యాక ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా. చదివేది పిల్లలు. వినేదీ, తమకు తెలిసింది చెప్పేదీ పెద్దలు. అడగందే ఎవరి చేతికీ పుస్తకం ఇవ్వకూడదు. తండ్రి ఊళ్ళో లేకపోతే మామ్మ వచ్చినా కుటుంబమే.

ఆ రాత్రి జంబుఖానా చాలలేదు. ఏడో తరగతి పిల్ల ఒక రైతు కథ చదువుతోంది. "వానలు పడగానే నాట్లు వేశారు" అని చదివిందో లేదో, గుమ్మం దగ్గర నుంచి గొంతు వినబడింది.

"నాట్లేటే గుంటా! ఉభాలు అనాల!"

మా అయ్యే! అందరూ గొల్లున నవ్వారు. "లోనికొచ్చి సెప్పు మావా" అన్నారెవరో. వచ్చాడు. చీపురుపుల్ల ఒకటి పట్టుకుని, ఆకు ఎంత లోతున పెట్టాలో చూపించాడు. "రెండేళ్ళ లోతు దాటితే పిలక రాదు" అన్నాడు. వృక్షశాస్త్రంలో పిలకల గురించి చదివి మార్కులు తెచ్చుకున్న నేను, ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ ఈయన్ని అడగలేదు. ఆ పిల్ల మాత్రం పుస్తకం పక్కన పెట్టి, నోటుబుక్కులో 'ఉభాలు' అని రాసుకుంది. జనం మాట్లాడే మాట పుస్తకంలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టింది మన జిల్లా పర్వతాలపేటలోనే కదా అనిపించింది.

వెళ్ళేముందు, అద్దాలు తేలేదన్న ఆవిడే వచ్చి, "ఆ పుస్తకం మా గుంటకియ్యి బాబూ, రేపు మళ్ళీ సదివించుకుంటాను" అంది.

ఆ రాత్రి తొమ్మిది పుస్తకాలు ఇళ్ళకు వెళ్ళాయి. ఎనిమిది తిరిగొచ్చాయి. తొమ్మిదోది మా పెట్టెలోనే ఉంది, బ్యాంకు కాగితాల పక్కన. మాస్టారు అడుగుతున్నారని చెబితే, "ఇంకా అవనేదని సెప్పు" అంటాడు మా అయ్య. రాత్రి భోజనాలయ్యాక చెల్లి చదువుతుంది, ఈయన మాటలు దిద్దుతాడు. నేనూ ఊరికే లేను. పంట రుణం కాగితంలోని మాటల అర్థాలు ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంటున్నాను.

మిత్రులారా! ఈసారి సెలవులకు మీ ఊరు వెళ్ళినప్పుడు, బడి బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. ఇప్పించుకోవడం కష్టమేమీ కాదు. తాళం తీశాక మాత్రం, గేటు బయట చెట్టు కింద ఎవరు నిలబడి ఉన్నారో ఒకసారి చూడండి.

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి