పడవలో మందుల పెట్టె

హైదరాబాదుకి సముద్రం లేదు. అయినా ఇక్కడ తెరచాప పడవలు నడిపేవాళ్లు చాలాకాలంగా ఉన్నారు. ఆదివారం పొద్దున్నే హుస్సేన్ సాగర్ గట్టున నిలబడితే, బుద్ధుడి దగ్గరికి టూరిస్టుల్ని తీసుకెళ్లే పడవలకి దూరంగా తెల్లటి చాపలు కనిపిస్తాయి. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్టులు, ఒక్క మనిషి నడిపే లేజర్లు. 2017 సెప్టెంబరులో ఆరుగురు నౌకాదళ అధికారిణులు ‘తారిణి’ అనే పడవలో గోవా నుంచి బయల్దేరి, భూగోళం చుట్టేసి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్లలో స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది మన హైదరాబాదే. ఆ వార్తలు చదివిన ఊపులో మేం నలుగురం సెయిలింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాం. ఇప్పుడు సెలవు రోజుల్లో చెరువు, ఏడాదికోసారి గోవాలో అద్దెకి తీసుకున్న పెద్ద పడవ. ఆఫీసులో సర్వర్లు పడిపోతే అర్ధరాత్రి లేచేది నేనే కాబట్టి, మందుల పెట్టె చూసుకునే పని కూడా నాదేనని మిగతా ముగ్గురూ తేల్చేశారు. పెట్టె నాచారంలో మా ఇంట్లో, బీరువా కింది అరలో ఉంటుంది.

‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’ (1889) పడవ ప్రయాణం పుస్తకమే గానీ, మొదలయ్యేది రోగాలతో. కథకుడు బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని వైద్యగ్రంథం తిరగేసి, ఒక్క మోకాలి జబ్బు తప్ప అందులోవన్నీ తనకున్నాయని నిర్ధారించుకుంటాడు. జెరోమ్ నవ్వించడానికే రాశాడు, కానీ మందుల పెట్టె ముందు మొదటిసారి కూర్చున్న ఎవరి పరిస్థితైనా అదే. పాము కాటు దగ్గర్నుంచి పంటి నొప్పి దాకా అన్నీ గుర్తొస్తాయి. పెట్టె బరువెక్కుతుంది. అవసరమైన గాజుగుడ్డ అడుగున ఉండిపోతుంది.

నిజానికి పడవలో జరిగేవి అన్ని రకాలు కావు. తెరచాప కింది అంచున బూమ్ అని ఒక అడ్డబొంగు ఉంటుంది. గాలి వెనక నుంచి వీస్తుండగా పడవ దిశ మారితే అది ఒక్క విసురున ఇటు నుంచి అటు వచ్చేస్తుంది. వంగడం ఆలస్యమైతే దెబ్బ తలకే. దీనికి పెట్టెలో మందు లేదు. మనిషిని కూర్చోబెట్టి, పడవని ఒడ్డుకి తిప్పి, వాంతి చేసుకుంటున్నాడా, మాట తడబడుతోందా, మగతగా ఉన్నాడా అని చూస్తూ ఆసుపత్రికి చేర్చడమే. తాడు జారితే అరచేతులు ఒరుసుకుపోతాయి. వాటికి గాజుగుడ్డ, అంటించే టేపు, పొవిడోన్ అయోడిన్. కాలు మెలికపడితే క్రేప్ బ్యాండేజి. ఇక హుస్సేన్ సాగర్ నీళ్ల సంగతి నగరంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నాలాలు కలిసిన నీళ్లు. చిన్న గీత పడినా మంచినీళ్లతో బాగా కడగాలి. అందుకని మా చెరువు సంచిలో అన్నిటికన్నా బరువైనవి రెండు లీటర్ల మంచినీళ్ల సీసాలు. చెరువులోకి నీళ్లు మోసుకెళ్తున్నామని మొదట్లో మమ్మల్ని చూసి నవ్వినవాళ్లున్నారు.

సముద్రం మీద లెక్క మారుతుంది. అక్కడ ముందు పడగొట్టేది వాంతులు. దానికి వేసుకునే మాత్ర కదలికి ముందే లోపల ఉండాలి, మొదలయ్యాక మింగితే బయటికే వస్తుంది. అది మత్తుగా కూడా ఉంటుంది గనక చుక్కాని పట్టేవాడు వేసుకోకూడదు. అంటే మాత్ర ఎవరికన్నది ఒడ్డునే తేలాలి. ఆ తర్వాత ఓఆర్ఎస్, గుక్క గుక్కగా. ఒక పొట్లానికి కచ్చితంగా ఒక లీటరు నీళ్లు. గ్లాసులో సగం పొట్లం ఒంపి ‘బాగా స్ట్రాంగుగా’ తాగే అలవాటు మనవాళ్లలో ఉంది. అది మేలు కన్నా కీడే చేస్తుంది. 1971లో దిలీప్ మహలనబిస్ బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తాగించి కలరా రోగుల్ని బతికించాడు. మా పెట్టెలో ఇంత చవకైన వస్తువు ఇంకోటి లేదు, ఇంత చరిత్ర ఉన్నదీ లేదు.

మన సినిమాల మీద నాకో ఫిర్యాదుంది. నీళ్లలోంచి తీసిన నాయిక పొట్ట నొక్కుతారు, నోట్లోంచి ఫౌంటెన్ లాగా నీళ్లు చిమ్ముతాయి, కళ్లు తెరుస్తుంది. తరాల తరబడి ప్రేక్షకులు ఇదే నేర్చుకున్నారు. మునిగినవాడికి ఊపిరి ఆగిపోతే పొట్ట నొక్కకూడదు. లోపలున్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. ముందు నోటితో ఊపిరి ఊదాలి, ఆ తర్వాత రొమ్ము మధ్యలో 30 నొక్కులు, మళ్లీ 2 ఊపిర్లు, అలా సాయం వచ్చేదాకా. దీనికీ పెట్టెలో వస్తువేదీ లేదు. చేతులే కావాలి.

కొనడం ఒక్కరోజు పని. కాపాడుకోవడమే అసలు పని. ఉప్పల్‌లో నేను మందులు కొనే షాపులో మాత్రలు కత్తెరతో కత్తిరించి ఇస్తారు. అన్నిచోట్లా అంతే. గడువు తేదీ ఉన్న ముక్క షాపులో ఉండిపోతుంది, పేరు సగం తెగిన ముక్క మన చేతికొస్తుంది. ఇంట్లో వారంలో వాడేసేవాటికి ఫర్వాలేదు గానీ, ఏడాది పెట్టెలో పడుకునేవాటికి అది పనికిరాదు.

“స్ట్రిప్పు మొత్తం ఇయ్యండి.”

“రెండు సాలంటివి గదా అన్నా?”

“డేటు కావాలె.”

అతను నన్ను అనుమానంగా చూసి, మొత్తం ఇచ్చాడు. ఇప్పుడు నేను వెళ్తే కత్తెర తియ్యడు. ఎక్స్‌పైరీ 03/2026 అంటే మార్చి ఆఖరి రోజు దాకా అని లెక్క. కానీ ఆ లెక్క అట్ట మీద రాసిన ఉష్ణోగ్రతలో ఉంచితేనే. 25 అనో 30 డిగ్రీలనో ఉంటుంది. మే నెలలో ఉప్పల్ చౌరస్తా దగ్గర ఎండలో ఆపిన కారు డిక్కీలో పెట్టెని వదిలేస్తే, తేదీ తేదీగానే ఉంటుంది, మందు మందుగా ఉండదు. బ్యాండ్‌ఎయిడ్ జిగురైతే ముందే చెప్పేస్తుంది, కాగితానికంటుకుని చర్మానికి అంటుకోదు. ఉప్పుగాలికి కత్తెర తుప్పు పడుతుంది, తిరిగి రాగానే కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయాలి. పెట్టె అని ఘనంగా అంటున్నాను గానీ అది స్టీలుసామాన్ల కొట్టులో కొన్న, రబ్బరు అంచుతో మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బా. దాని మీద ఎర్ర ప్లస్ గుర్తు వేయలేదు. రెడ్ క్రాస్ చిహ్నాన్ని ఎవరు పడితే వాళ్లు వాడకూడదని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం చెప్తోంది. ఆకుపచ్చ మీద తెల్ల గుర్తు వేశాను.

మా నాన్న నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేశాడు. అప్పటి ఫ్యాక్టరీల చట్టం, 1948ది, 45వ సెక్షన్‌లో ప్రతి 150 మంది కార్మికులకీ తక్కువ కాకుండా ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలంది. అంతటితో ఆగలేదు. నిర్ణయించినవి తప్ప అందులో ఇంకేమీ పెట్టకూడదు. పెట్టెకో బాధ్యుడుండాలి, అతనికి ప్రథమ చికిత్సలో సర్టిఫికెట్ ఉండాలి, పనివేళల్లో ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఆ సెక్షన్ రాసినవాడెవరో గానీ షాపు ఫ్లోరు తెలిసినవాడు. నాన్న వాళ్ల షెడ్డులో పెట్టెకి తాళముండేది. తాళంచెవి పగటి షిఫ్టు సూపర్‌వైజరు దగ్గర. ఒక రాత్రి పక్క మిషన్ మీద మనిషి వేలు నలిగింది. మిషన్లు తుడిచే కాటన్ వేస్టు చుట్టి, స్కూటరు మీద ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకెళ్లారు. పొద్దున తాళం తీస్తే లోపల బిల్లుల కట్ట, ఒక దువ్వెన, ఎండిపోయిన టింక్చరు సీసా. రిటైరయ్యేదాకా నాన్న చొక్కా జేబులో గాజుగుడ్డ చుట్ట పెట్టుకునే పనికెళ్లాడు. అది బీడీల కట్టేమోనని అమ్మ చాన్నాళ్లు అనుమానపడింది.

నా డబ్బా చూపిస్తే ఆయన ఒక్కో వస్తువూ తీసి చూసి, మళ్లీ సర్ది, “అంతా మంచిగనే ఉంది. నీకే దెబ్బ తగిల్తే ఎవలు తీస్తర్రా?” అన్నాడు.

2018 సెప్టెంబరులో అభిలాష్ టోమీ ఒంటరిగా ప్రపంచం చుట్టే పందెంలో ఉండగా, హిందూ మహాసముద్రంలో తుపానుకి అతని పడవ కొయ్య విరిగింది. వెన్నుకి దెబ్బ తగిలి లేవలేకపోయాడు. ఫ్రెంచి ఓడ వచ్చి తీసుకెళ్లేదాకా పడవలోనే పడివున్నాడు. తర్వాత అదే పందెంలో మళ్లీ పాల్గొని 2023లో రెండోవాడిగా వచ్చాడనుకోండి. కానీ అతను పడుకుని గడిపిన ఆ రోజుల గురించి చదివినప్పుడల్లా, అందుబాటు అనే మాటకి నాకు చెయ్యి చాపినంత దూరమే గుర్తొస్తుంది. నాన్న అడిగాక మా నలుగురం కలిసే శిక్షణ తీసుకున్నాం. ఏది ఎక్కడుందో మూత లోపల తెలుగులో రాసి అంటించాను. చెరువుకైతే 108, సముద్రానికైతే కోస్ట్ గార్డు 1554, రేడియోలో 16వ ఛానెల్.

అన్నిటికన్నా కష్టంగా దొరికింది ఒక కాగితం. ఎవరికే జబ్బుంది, ఏ మందులు వాడుతున్నారు, ఏది పడదు. ముగ్గురు వెంటనే రాసిచ్చారు. నాలుగోవాడు ‘ఏమీ లేవు’ అని రాసి, నెల తర్వాత ఉప్పల్ మెట్రో మెట్ల మీద నన్ను ఆపాడు. చిన్నప్పటి నుంచీ మూర్ఛలకి మందు వాడుతున్నాడట. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, బయటికి పొక్కకూడదని అమ్మ ఒట్టు. “ఆ కాగితం ఎవరెవరు చదువుతారు?” అనడిగాడు. మన ఇళ్లలో షుగరు గురించి గొప్పగా చెప్పుకుంటారు, ఫిట్స్ గురించి గొంతు తగ్గిస్తారు. నీళ్ల మీద ఆ తేడా ప్రాణం తీస్తుంది. పడవలో నన్ను నమ్మి కూర్చునే మనిషి, ఒక కాగితాన్ని నమ్మడానికి నెలరోజులు పట్టిందంటే తప్పు అతనిది కాదు.

ఇప్పుడు ఎవరి కాగితం వాళ్ల కవరులో, అంటించి, డబ్బాలో పెడతాం. అవసరమైతేనే చించుతాం. తిరిగొచ్చాక ఎవరిది వాళ్లకి. అతను తన డాక్టరుని అడిగి వచ్చాడు. లేజరు ఎక్కడు, ఇద్దరు పట్టే పడవే ఎక్కుతాడు, లైఫ్ జాకెట్ ఒడ్డు మీద వేసుకుని ఒడ్డు మీదే విప్పుతాడు. తనతో కూర్చునేవాడికి మాత్రం తనే నోటితో చెప్పాడు.

డిసెంబరులో గోవా. నిన్న డబ్బా తీసి చూస్తే నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలకి ఇంకో నెలే గడువుంది. నాన్న వాటిని తీసి ఫ్రిజ్ మీద పెట్టాడు. కొత్తవి తేవాలి, స్ట్రిప్పు మొత్తం.